వేపనూనె

రాజాం ఆస్పత్రి రికార్డు గదిలోకి
జూట్ మిల్లు మేస్త్రీ వచ్చాడు.
జీడిపప్పు పొట్లం బల్ల మీద పెట్టి
క్షయ మందులు మింగే కూలీల పేర్లు అడిగాడు.
"మా పనోళ్ళే గదా, దాపరికం దేనికి?"

తవిటయ్య బీరువా వైపు చూడనైనా లేదు.
"ఏటి సెప్మంటావు బాబూ,
మొన్నటి వానలకి సెదలు తినీసినాయి,
పేర్లన్నీ."

పొట్లం వచ్చిన దారినే పోయింది.

సాయంత్రం తాళాలకని వెళ్తే
గొంతుక్కూచుని
బీరువా కాళ్ళకి వేపనూనె పూస్తున్నాడు,
ఒక్క పురుగూ ఎక్కకుండా.

మూడో అరలో,
ఇరవయ్యేళ్ళ నాటి అట్ట మీద
మేస్త్రీ పేరే.
అప్పుడతను బస్తాలు మోసే కుర్రాడు.
తవిటయ్య దాని దుమ్ము కూడా తుడిచి
లోపలికి జరిపాడు.

"సూసినావేటి?"

కొత్త గుమాస్తాని, నాలిక తడబడింది.
"సెదలు తినీసినాయి" అన్నాను.