పక్క గీత

సిరొంచ బస్టాండు ఎనుక, టార్పాలిన్ కింద
ఇరవై ఏడేండ్ల సంది పొలుసు గీకుతున్న.
రవ్వ చేప పక్కన, తల కాడి నుంచి తోక దాంక
సన్నటి గీత ఒకటి ఉంటది.
ఆ గీత మీది పొలుసులకే చిల్లులు,
సూదితోని పొడిచినట్టు, పొలుసుకొకటి.
పురుగు తిన్నదనుకున్న ఇన్నేండ్లు.
గిరాకీకి కనపడకుండ తిప్పి పెట్టిన.

చంద్రపూర్‌ల చదివే మా అక్క కొడుకు ఓదెలు
నిన్న వచ్చి పీట ముందల కూసున్నడు.
"పురుగు కాదు చిన్నమ్మా.
లోపట సన్న వెంట్రుకలు, వాటి మీద జిగట టోపీ.
కొన్ని నీరు ఇటు వంచితే పలుకుతయి,
కొన్ని అటు వంచితే.
నరం ఆ కబురు పట్టుకపోయి
మెదడు ఎనుక భాగంల అప్పజెప్తది."

నేను నవ్విన.
"మరి అది ఈదేటప్పుడు?
తన తోక ఊపుడుకే ఒళ్ళంత నీళ్ళు కొట్టుకుంటయి గద,
అన్ని చిల్లులు ఒక్కసారే ఒర్లవా?"

వాడు కట్టె మీది నెత్తుట్ల గోరుతోని అల గీసిండు.
"కదలబోయే ముందే మెదడు చెప్పి పెడ్తది:
ఇప్పుడొచ్చేది మనదే, పట్టించుకోకు, అని.
తన అల తీసేసుకుంటది.
మిగిలింది పక్కోనిది."

ఎవరో "కితీలా?" అని అడుగుతున్నరు.
నాకు ఇనపడలే.

వానకాలం, చీకటి, డోంగల ఇద్దరం.
ప్రాణహిత ఒక దిక్కు తోస్తుంది, గోదారి ఇంకో దిక్కు.
లసుమయ్య తెడ్డు లేపి "ఊకో" అన్నడు.
నీళ్ళు ఏమంటున్నయో ఇనాలంటే
మనిషి తెడ్డు ఆపాలె.
ఇంట్ల మేం ఆపలే.
నా చప్పుడు నాది, ఆయన చప్పుడు ఆయనది.
పోయినేడు ఆయన దగ్గు ఎన్నడు మారిందో
పొలుసు గీకుడుల నాకు ఎరకలే.

పొద్దూకింది. తొట్టిల ఒక్క కొరమీను మిగిలింది.
బల్బు వెలుగుల దాని గీత చూసిన:
కొంతదూరం పోయి తెగి,
మెట్టు దిగినట్టు దిగి, మళ్ళ సాగింది.
పడదామని చెయ్యి పెట్టిన.
వేలు తాకకముందే కొడవలోలె వంగి
అవతలి అంచుకు పోయింది.
మళ్ళ పెట్టిన, మెల్లగ, ఊపిరి బిగబట్టి.
ఊహూఁ. నా కంటె ముందు
నేను తోసిన నీళ్ళే పోయి చెప్తున్నయి.

చెయ్యి తియ్యలే. అట్లనే ఉంచిన,
ఉంగరాల కొట్టోడు షట్టర్ దించిందాంక,
ఆ చప్పుడు గూడ తొట్టిల అణిగిందాంక.
అప్పుడొచ్చింది, దానంతల అదే.
నా చిటికెన వేలి చుట్టు నీళ్ళను
ఒక్కపారి నెట్టి చూసి
అక్కడనే నిలబడ్డది.