ఏడింటి మీద

రాత్రి రెండున్నర. దుఖ్మ్.
సముద్రం అర కిలోమీటరు దూరంలోనే ఉంది గానీ
గాలి పొయ్యిలోంచి వస్తున్నట్టే ఉంది.

ఐదో స్టాక్ మొరాయించింది.
మీటరు కంటే ముందు చెవికి తెలిసింది నాకు:
పంపు గొంతులో జీర,
మెతుకు అడ్డం పడ్డట్టు.
తర్వాత తెర మీద వోల్టేజీ జారింది.
ఆ తర్వాత కింది ట్రేలో తడి.

మస్కట్ నుంచి ఫోన్లో సారు "మొత్తం ఆపెయ్" అన్నాడు.
మొత్తం అంటే
మంచినీళ్ల ప్లాంటు, ఐసు ఫ్యాక్టరీ, రేవులో దీపాలు,
మా క్యాంపులో నాలుగొందల మంది నిద్ర.
హిలాల్ నా వంక చూశాడు. నేను వాల్వుల వంక.
"పది నిమిషాలియ్యమను" అన్నాను,
సగం అతని అరబ్బీలో, సగం నా హిందీలో.

పంపు నెమ్మదించాం.
ఐదుకు వచ్చే దారి మూశాం, పోయే దారి మూశాం.
దానిలో మిగిలిన కరెంటు చల్లారేదాకా
షఫీకుల్ టార్చి పట్టుకుని బెంగాలీలో అంకెలు చదివాడు.
సున్నా అన్నాక
రాగి పట్టీ బిగించి, దాని మీంచే దాటించాం.
పడుకున్న మనిషిని దాటకూడదనేది అమ్మమ్మ,
దాటితే మళ్లీ వెనక్కి దాటాలట.
కొత్తది వచ్చినరోజు దాటుతాంలే.

ఏడు మిగిలాయి.
బరువు తగ్గించి ఎత్తాం. మోశాయి.
ఎన్ని గదులు తిరిగొస్తున్నాయో
తొట్లలో మందునీళ్లకేం తెలుసు?
ఒకదాంట్లో పసుపు నీలానికి తిరుగుతోంది,
ఇంకోదాంట్లో నేరేడు రంగు పచ్చబడుతోంది.
తెల్లారేదాకా సరిపోయే రంగు ఉంది ఇంకా.

ఐదుకు స్పేరు ఓడలో రావాలి. ఆరు వారాలు.
మెడలో చీటీ కట్టాం: రిపేరులో ఉంది, ముట్టొద్దు.

మా గదిలో మొగిలికి మణికట్టు విరిగితే
నాలుగో రోజుకే అతని మంచం మీద ఇంకొకడు.
టికెట్టుకు ఏడుగురం తలా పది రియాళ్లు వేశాం.
ఇది దానితో పోల్చొద్దనుకుంటాను.
యంత్రం యంత్రమే.
అయినా చీటీ కట్టేటప్పుడు ముడి కాస్త మెల్లగా వేశాను.

ఐదున్నరకు ఎండొచ్చింది. ప్యానెళ్లు కళ్లు తెరిచాయి.
సారు మళ్లీ ఫోన్ చేశాడు: "ఆపేశారా?"
హిలాల్ ఏం చెప్పలేదు.
ఫోను తీసుకెళ్లి పంపు పక్కన పెట్టాడు.