తొమ్మిది నిమిషాలు

శుక్రవారం నాలుగింటికి
పదమూడో నంబరు బస్సుని డిపోలో అప్పగించి
గ్లెనిస్ వస్తుంది.
బేసిన్ అంచున మెడ వాల్చి
"పసుపు తీసెయ్, సుబా" అంటుంది.

నన్నలా అడిగినవాళ్ళు ఇదివరకు లేరు.
గడపకి రాయమన్నారు, కాళ్ళకి రాయమన్నారు,
తీసెయ్యమన్నది హల్ ఊళ్ళోనే.

ఇక్కడి నీళ్ళు గట్టివి.
బంగారమని వేసిన రంగు
రెండు వారాలకి ఇత్తడి చెంబు.
చింతపండుకి లొంగే చిలుము కాదిది.
అందుకని ఈ సీసా, వంగపువ్వు రంగు షాంపూ.
మొదటిసారి చూడగానే గుర్తుపట్టాను,
హాస్టల్లో తెల్ల యూనిఫాం బకెట్లో
నేను కలిపిన నీలిమందుకి చెల్లెలిది.

మూడు నిమిషాలే ఉంచాలి.

పోయినవారం మాటల్లో పడ్డాం.
వాళ్ళ కుక్క సోఫా తిన్న సంగతి,
మిగిలిన సోఫాని ఎవరూ కొనని సంగతి.
కడిగి చూస్తే
తలంతా నేరేడుపళ్ళు తిన్న నాలుక.
నా గుండె జారి నురగలో పడింది.

గ్లెనిస్ అద్దంలో అటు తిరిగింది, ఇటు తిరిగింది.
"ఉండనీ" అంది.
"యాభై తొమ్మిదేళ్ళు బంగారంగానే ఉన్నాగా."

ఆ రాత్రి పప్పులో పసుపు వేస్తుంటే
నా గోళ్ళు ఊదాగానే ఉన్నాయి.
రెండూ ఒకదాన్నొకటి ఏమీ అనుకోలేదు.

సోమవారం, సన్నటి వాన.
పదమూడో నంబరు ఆగింది.
స్టీరింగ్ వెనక వంగపువ్వు
నన్ను చూసి
అవసరం లేకపోయినా
ఒకసారి హారన్ కొట్టింది.