నీళ్ళ డ్యూటీ

పార్వతీపురం దాటి, కొండ మలుపుల్లో ఊగుతూ
టార్పాలిన్ కప్పుకున్న ఏనుగులా
లారీ మీద వచ్చింది తొట్టి.
రాయగడలో మా సందు వెడల్పు ఏడడుగులు,
దాని వెడల్పు ఆరున్నర.
మిగిలిన అర అడుగులోనే
తొమ్మిది మంది మనుషులు, ఎవరిదో స్కూటరు,
నిరంజన్ సాబత్ తిట్లు, సగం ఒడియాలో, సగం తెలుగులో.

"ఇంత డబ్బెట్టి గంగాళం కొన్నావేటి?"
అంది వరహాలు గుమ్మం పట్టుకుని.
ఏదీ పట్టుకోకుండా ఆమె నిలబడి
రెండేళ్ళు దాటింది.
మోకాళ్ళ డాక్టరు రాసిన వేడినీళ్ళు
బకెట్లో చీలమండల దాకే వస్తాయి.

ముప్ఫై ఒక్క ఏళ్ళు కాగితం మిల్లులో
బాయిలర్ నీళ్ళు చూశాను.
నీళ్ళకి పళ్ళుంటాయని అక్కడే తెలిసింది.
సున్నం ఎక్కువైతే గొట్టం పీక నొక్కుతాయి,
పులుపెక్కితే ఇనుముని కొరుకుతాయి.
ఆ ఆవిరి ఎవరి శుభలేఖ అయిందో
ఎవరి లెక్కల పుస్తకం అయిందో నాకు తెలీదు.
నా ఒంటికి ఒక్కసారే తగిలింది,
ఎడమ ముంజేతి మీద, తమలపాకంత.
ఇప్పటికీ అక్కడ వెంట్రుక మొలవదు.

పెరట్లో గచ్చు వేయించి
ఇరవై ఒక్క రోజులు గోనెలు తడిపాను.
నిండితే టన్నున్నర; నేల తట్టుకోవాలి కదా.
మట్టం చూడ్డానికి సన్న గొట్టంలో నీళ్ళు పట్టాం.
మేస్త్రీ కన్ను అబద్ధమాడొచ్చు గాని
నీళ్ళు ఆడవు.
ఎర్తింగు గోతిలో ఉప్పు, బొగ్గు.
అయినా స్విచ్చి వేస్తే మూడుసార్లు పడిపోయింది.
నాలుగోసారి
లోపలెక్కడో మోటారు గొంతు సవరించుకుంది.

ఆ రాత్రి స్టూలు వేసుకుని కూర్చున్నాను,
పాత రిజిస్టరు ఒళ్ళో.
పది గంటలు: ఇరవై ఆరు డిగ్రీలు.
ఒంటిగంట: ముప్ఫై ఒకటి. స్టేషన్లో గూడ్సు కూత.
మూడున్నర: ముప్ఫై అయిదు. కుక్కొచ్చి వాసన చూసి పోయింది.
ఐదుంబావు: ముప్ఫై ఎనిమిది.
సంతకం.

వరహాలు నువ్వుల నూనె రాసుకుని, పసుపు పెట్టుకుని
పండగలా తయారై వచ్చింది.
"ముందు స్నానం చేసి రా" అన్నాను.
"స్నానానికి పోడానికి స్నానమా?"
సాబత్ వాళ్ళావిడకి గోడ మీంచి చెప్పి
ఇద్దరూ కడుపు పట్టుకుని నవ్వారు.

నవ్వారు గాని, మూడో నాటికి నురగ లేచింది,
పాలు పొంగినట్టు.
కాగితం ముక్క ముంచి రంగు చూశాను,
సోడా వేశాను, క్లోరిన్ వేశాను.
ఫిల్టరు తీస్తే పచ్చగా ఉంది.
కొప్పులో నూనె దాచుకుని దిగిందన్నమాట!
చీర కుచ్చిళ్ళలా మడత మడతా విప్పి
గంటసేపు కడిగాను.
కోప్పడదామనే వెళ్ళాను.
నీళ్ళలో నిలబడి ఉంది ఆమె,
రెండు చేతులతో జడ అల్లుకుంటూ.
అంటే, అంచు పట్టుకోలేదు.
ఏమీ అనకుండా మూత తెచ్చి పక్కన పెట్టాను.

మూడు నెలలకి నీళ్ళు మార్చే రోజు.
మూత తీసి రెండెండలు తగలనిస్తే
క్లోరిన్ ఎగిరిపోతుంది.
ముక్కుతో చూసి, కాగితంతో చూసి
సాబత్ వంకాయ మళ్ళలోకి వదిలాను.
మళ్ళీ నింపాను. మళ్ళీ రాత్రంతా స్టూలు.

తెల్లారి మెడదాకా మునిగి అడిగింది:
"నువ్వు దిగవా?"
"డ్యూటీలో ఉన్నాను."
"రిటైరై ఏడాదైంది. నీ షిఫ్టు దిగేదెప్పుడు?"

చొక్కా విప్పి మేకుకి తగిలించాను.
ముందు కుడికాలు, తర్వాత నడుము, తర్వాత ఎడమచెయ్యి.
ఒళ్ళంతటికీ తెలుస్తోంది వేడి,
తమలపాకంత చోటు తప్ప.
"ఇక్కడ ఎంత వేడుందో చెప్పు" అని ఆమెనడిగాను.
మచ్చ మీద అరచెయ్యి వేసి
కాసేపు ఆలోచించింది.
"సరిపోయింది" అంది.