నిలబడ్డ నిమిషాలు

పరుగు నాది కాదు.
సైకిల్ తొక్కడం, నీళ్ళ సీసా అందించడం,
మెడలో వేలాడే వాచీ మీట నొక్కడం, ఇదీ నా కొలువు.
కప్చోర్వా కొండ మీద ఇంకా చీకటుండగానే
ముందు చెప్కురుయ్ బూట్ల చప్పుడు,
వెనక నా చైను కిర్రుకిర్రు.

వారానికోసారి ముప్ఫై రెండు కిలోమీటర్లు.
ఎర్రమట్టి, కాఫీ తోటలు, మళ్ళీ ఎర్రమట్టి.
పద్నాలుగు దగ్గర చేతిపంపు,
ఇరవై ఒకటి దగ్గర చెక్క వంతెన,
ఇరవై ఏడు దగ్గర పాలమ్మే ముసలావిడ పంచ.
అక్కడ చెయ్యెత్తి "ఆపు" అంటుంది చెప్కురుయ్.
నన్ను కాదు, గడియారాన్ని.

నొక్కుతాను. అంకెలు నిలబడిపోతాయి.
మోకాళ్ళ మీద చేతులానించి వంగుతుంది.
ముక్కు కొసనుంచి జారిన చెమట దుమ్ములో గుంట చేస్తుంది.
పాల క్యాన్ల మోటారుసైకిల్ మమ్మల్ని దాటి
మలుపు తిరిగి, మోత కూడా వినపడనంత దూరం పోతుంది.
దానికి తెలీదు, కాలం ఆగిందని.

మళ్ళీ కదిలాక మొదటి కిలోమీటరు చూడాలి!
కట్టు విప్పిన దూడ.
నాలుగు నిమిషాల రెండు సెకన్లు.
రెండోది, నాలుగూ పదకొండు.
మూడోది, నాలుగూ పంతొమ్మిది. అప్పుడిక నా వైపు చూడదు.
చేబదులు తెచ్చి
మొదటి పూట మాంసం వండుకుని
మూడో పూటకి ఉప్పు కోసం డబ్బాలు తడిమే ఇల్లు
మాది కూడా ఒకప్పుడు. అందుకే నాకు తెలుస్తుంది.

"సగటెంత?" అన్నాడు కోచ్ మంగుషో.
"నాలుగూ పన్నెండు."
ఆయన నోటుబుక్కు తెరవలేదు.
గేటు దగ్గర స్టూలు మీద పొద్దుటినుంచి కూర్చునే ఉన్నాడు,
ఐదూ నలభైకి మేం వెళ్ళడం చూశాడు,
ఎనిమిదీ నాలుక్కి రావడం చూశాడు.
"పది నిమిషాలు తక్కువొస్తున్నాయి.
దారిలో ఎక్కడైనా పడిపోయాయా?"
నేను నా బొటనవేలు చూసుకున్నాను.
"కలిపితే నాలుగున్నర," అని తనే లెక్క చెప్పి,
చెప్కురుయ్‌కి చల్లారిన టీ జరిపాడు.
"అలసిపోతే ఆగు. ఎవరొద్దన్నారు?
వాడి చేత వాచీ మాత్రం ఆపించకు."

ఆ తర్వాతి వారం చేతిపంపు దగ్గర
వాచీ నా గుండెల మీద పరిగెడుతూనే ఉంది.
నిలబడ్డ మనిషిని పరిగెత్తే అంకె చూస్తుంటే
నీళ్ళు గొంతు దిగవు.
నలభై సెకన్లకే సీసా నా చేతిలో పెట్టేసింది.
వంతెన దగ్గరైతే ఆగనే లేదు, నడిచింది,
చెక్కలు లెక్కపెడుతున్నట్టు తల వంచుకుని.
ఆ తర్వాత కిలోమీటరు నాలుగూ పదిహేను.
దాని తర్వాతది నాలుగూ పదహారు.
విందూ లేదు, పస్తూ లేదు.

ఇరవై ఏడులో ముసలావిడ పంచ ఇంకా రాకముందే
దారికడ్డంగా ఆవులు.
నలభై ఉంటాయేమో, ఒక్కదానికీ తొందర లేదు.
కాపరి పిల్లాడు కర్ర భుజానేసుకుని నవ్వుతున్నాడు.
చెప్కురుయ్ నా వైపు తిరిగింది.
నా వేలు అలవాటుగా మీట మీదికి పోయింది.
తను అడగలేదు. నేను నొక్కలేదు.
ఒక నిమిషం ఒంటికాలు మార్చి ఒంటికాలు మీద నిలబడి,
ఇక లాభం లేదని రాయి మీద కూలబడి
కడుపు పట్టుకుని నవ్వింది.
ఏడు నెలల్లో నేను విన్న మొదటి నవ్వు అది,
ఊపిరి చాలక మధ్యలో తెగిపోయింది.

సాయంత్రం మంగుషో పెన్ను నాకే ఇచ్చాడు.
ఇరవై ఏడు ఎదురుగా
"మూడు నిమిషాల ఎనిమిది, ఆవులు" అని రాశాను.
ఆయన చదివి, కొట్టెయ్యలేదు.
"తర్వాతది?" అన్నాడు.
నాలుగూ పద్నాలుగు.