ఉత్తర్వు నంబరు నూట పన్నెండు

అరల్ ఒడ్డున చేపల సంఘం చైర్మన్ బైముఖాన్
ఒక్క మాటంటే నలభై పడవలు తాళ్ళు విప్పేవి.
విన్నది కాదు, చూసింది చెబుతున్నా.
అప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు, ఆఫీసులో టైపిస్టుని.
కిటికీ తెరిస్తే కార్బన్ కాగితం మీద ఉప్పు వాలేది.
ఆయన పచార్లు చేస్తూ చెప్పేవాడు, నేను కొట్టేదాన్ని.
వాక్యం చివర చుక్క కూడా ఆయనే పలికేవాడు:
"తెల్లవారి నాలుగింటికి బయలుదేరవలెను. చుక్క."
నాలుగింటికి బయలుదేరేవాళ్ళు.

సముద్రం మొదట వెనక్కి జరిగినప్పుడు
ఎవరూ పట్టించుకోలేదు.
రేవు చివరి మెట్టు బయటపడింది, అంతే.
పిల్లలు దాని మీద కూర్చుని పొద్దుతిరుగుడు గింజలు ఒలుచుకున్నారు.
మరుసటేడు ఇంకో నాలుగు మెట్లు.
ఆ తర్వాత మెట్లు అయిపోయి బురద మొదలైంది.

ఉత్తర్వు నంబరు అరవై మూడు:
రేవును రెండు వందల మీటర్లు పొడిగించవలెను.
పొడిగించారు.
కొయ్యలు పాతిన చోటికి నీళ్ళు రాలేదు సరికదా
ఉన్నవీ ఇంకాస్త అవతలికి తప్పుకున్నాయి,
అప్పు ఇచ్చినవాణ్ణి చూసి సందు మారే చుట్టంలా.

ఉత్తర్వు నంబరు డెబ్బై: కాలువ తవ్వవలెను.
తవ్వారు. ఆడా మగా, బడిపిల్లలు కూడా.
మా అమ్మ అరచేతుల్లో పొక్కులు చిట్లి ఉప్పుకి మండేవి.
పగలు తవ్విందంతా రాత్రి గాలి పూడ్చేది.
పొద్దున్నే ఆయన గట్టు మీద నిలబడి
ఆలస్యంగా వచ్చిన కూలీని తిట్టినట్టు
గాలిని తిట్టేవాడు.

మొదట నవ్వింది సెయిత్కుల్.
ఇంజన్ మెకానిక్కు, చేతులకెప్పుడూ గ్రీజే.
పెద్ద నవ్వేం కాదు, ముక్కులోంచి ఓ చిన్న గాలి.
కానీ మీటింగు హాలంతా విన్నది.
"ఎవరది?" అన్నాడు బైముఖాన్.
ఒక్కరూ తల దించుకోలేదు.
నేను ఆయన మొహం చూడలేదు, చెయ్యి చూశాను.
బల్ల గుద్దడానికి లేచింది,
సగం దారిలో ఏం చెయ్యాలో తోచక
గ్లాసు అందుకుంది.
గ్లాసులో టీ లేదు.
లేని టీనే తాగాడు, గుక్క గుక్కగా.

ఆ చలికాలం జీతాలు ఆగాయి.
వలలు చింపి కోళ్ళగూళ్ళకి చుట్టుకున్నారు.
ఒరాజ్ తన పడవ రేకులు కోసి
ఒంటెల కొట్టం మీద కప్పుకుంటున్నాడు.
"అది సంఘం ఆస్తి!" చైర్మన్ అరిచాడు.
"సముద్రమూ సంఘానిదే కదా,
ముందు పోయి దాన్ని పట్టుకురా"
అన్నాడు ఒరాజ్, కోత ఆపకుండా.
ఇరవై రెండేళ్ళలో ఆ ఊళ్ళో
ఆయన్ని "రా" అన్నవాడు అతనే.
రేకు కోస్తున్న చప్పుడు కంటే
ఆ ఒక్క అక్షరమే చెవికి కోసుకుంది.

పై ఆఫీసుకి నాచేత ఫోన్ చేయించేవాడు.
"లైన్లో ఉండండి" అనేది అవతలి అమ్మాయి.
ఉండేవాడు. మధ్యాహ్నం దాకా. రిసీవరు చెవికి ఆనించుకుని.
"అలల చప్పుడు వినిపిస్తోంది" అన్నాడొకసారి.
నేను కిటికీ మూశాను, ఇసుక పడుతోందని.

పొద్దున నాలుగింటి సైరను ఇప్పుడు ఆయనే మోగించేవాడు,
కాపలావాడు కూడా వెళ్ళిపోయాడు కనుక.
ఒక ఒంటె లేచి, చూసి, మళ్ళీ పడుకునేది.

ఉత్తర్వు నంబరు నూట పన్నెండు, మూడు ప్రతులు:
సముద్రం తన పూర్వపు హద్దుకు తక్షణం తిరిగి రావలెను
చేతులు మిషను మీదే ఉంచి ఎదురుచూశాను.
ఆయన చుక్క చెప్పలేదు.
"ఎవరికి పంపమంటారు?" అనడిగాను.
గోడ మీది మ్యాపు కేసి చూశాడు, అందులో ఇంకా అంతా నీలమే.

వెళ్ళేముందు నా బాకీ జీతం అడిగాను.
జేబులు తడిమి, చిల్లరతో సహా లెక్కపెట్టి ఇచ్చాడు.
మూడు రూబుళ్ళు తక్కువ.
"రేపు ఇస్తాను" అన్నాడు.
"సరే" అన్నాను.
"అండి" అనలేదని బయట ఇసుకలోకి వచ్చాక గుర్తొచ్చింది.
వెనక్కి తిరిగి వెళ్ళలేదు.