సగం స్ట్రిప్పు

మా మందుల షాపులో
అన్నిటికన్నా పాతది కత్తెర.
నరసాపురం రేవులో మా మేనమామ
బోర్డు రాయించకముందే కొన్నాడు.
ఒక పిడి విరిగితే సెలైన్ గొట్టం చుట్టి
నేనింకా దాన్నే వాడుతున్నాను.

ఇక్కడ పది బిళ్ళలు ఎవరు కొంటారు?
"రెండియ్యండి. తగ్గితే సరే,
లేపోతే రేపొస్తాను"
అంటుంది నూకరత్నం,
రొయ్యల షెడ్డు నుంచి తిన్నగా వచ్చి
ఐసులో నానిన వేళ్ళు కొంగుకి తుడుచుకుంటూ.

కత్తిరిస్తాను.
మందు పేరు ఒక ముక్కకి పోతుంది,
గడువు తేదీ ఇంకో ముక్కకి.
ఆమె చేతికి వెళ్ళేది ఎప్పుడూ
"...సిన్ 500" అనో
"పిల్లలకు అందకుండా" అనో
తోక మిగిలిన రేకు.
ఒకసారి పెన్నుతో తేదీ రాయబోయాను.
రేకు మీద సిరా నిలవదు.

మంగళవారం ఫణికుమార్ వస్తాడు.
సఖినేటిపల్లి నుంచి బండితో పంటెక్కి,
ఇవతల దిగాకే టై కట్టుకుంటాడు.
"పదికి మూడు ఫ్రీ అన్నా, ఈ నెల దాటితే ఉండదు."
అదే తెల్లపొడికి నాలుగు పేర్లు,
నాలుగు ధరలు, నాలుగు రంగుల అట్టపెట్టెలు.
ఎక్కడ వండారో, ఏ వాగు పక్కన వండారో
అతన్నడిగితే నవ్వుతాడు.
వెళ్తూ వెళ్తూ గొంతు తగ్గించి
తన షుగరుకి మాత్రం
చవకది ఉందా అంటాడు.

వానలు పడ్డాక చెరువుల గుమస్తా ఏసుపాదం.
ఆయనకి బిళ్ళలు కాదు, డబ్బాలు కావాలి.
"తెల్లమచ్చ పట్టిందండీ, పది ఎకరాలూ తేలిపోద్ది."
ఆ జబ్బుకి ఈ మందు పనిచెయ్యదని
నేను చెప్పాను.
ఆయన విన్నాడు.
ఆయ్, నిజమేనండీ అన్నాడు.
తర్వాత ఇద్దరం కలిసి
నోట్లు లెక్కపెట్టుకున్నాం.

ఆ రొయ్య సముద్రం దాటి వెళ్ళి
దాటిన దారినే తిరిగొచ్చింది.
కోటిలో ఎన్నో వంతో మందు మిగిలిందని
కాగితం కూడా వచ్చిందట.
షెడ్డు పదిహేను రోజులు మూసేశారు.
నా డబ్బా గురించి
నన్నెవరూ అడగలేదు.

నిన్న సాయంత్రం నూకరత్నం,
కూడా వాళ్ళ పెద్దమ్మాయి.
నెల నుంచీ చలిజ్వరం, మూత్రంలో మంట.
భీమవరంలో చేయించిన పరీక్ష కాగితం
బల్ల మీద పరిచింది, మడతలు సాపు చేస్తూ.
మందుల పేర్లన్నీ ఒక వరుస,
పక్కన కిందికంటా ఒకటే అక్షరం.
"ఆర్ అంటే ఏంటండీ?"
లొంగదమ్మా అన్నాను.
"అన్నిటికీనా?"
నవ్వింది. "మా అత్తే నయం."

ఆ వరుసలో రెండోది
నేను ఏళ్ళ తరబడి ఆమెకి ముక్కలు చేసిచ్చింది.
డబ్బాల్లో అమ్మిందీ అదే.
ఎవరి వల్ల మొండికేసిందో,
రొయ్య వల్లో, నా వల్లో,
పంట కాలవకి తెలిస్తే తెలియాలి.

అట్టడుగున ఒక్కదానికి మాత్రం వేరే అక్షరం.
ఇంజెక్షను. పూటకొకటి, ఏడు రోజులు.
ధర చెప్పాను.
కూతురు గోడమీద క్యాలెండరు వైపు చూసింది.
నూకరత్నం కొంగు ముడి విప్పి
రెండుసార్లు లెక్కపెట్టి
"రెండియ్యండి" అంది.
"తగ్గితే సరే."

అలవాటుగా నా చెయ్యి
కత్తెర మీదికి వెళ్ళింది.